ఐసు మీద నౌకరి

ఎల్లారెడ్డి బస్టాండు దగ్గర చాయ్ తాగుతుంటే ఇప్పటికీ ఎవరో ఒకరు అడుగుతారు, దుబాయిలో ఏం చేసేవాడినని. ఐస్ హాకీ ఆడేవాణ్నని చెబుతాను. వాళ్లు మర్యాదగా తల ఊపి, ఇంకో గుక్క తాగి, "అది సరే అన్నా, పనేం జేసినవ్?" అని మళ్లీ అడుగుతారు. ఆ పని నేర్చుకోవడానికి పట్టిన కాలం కంటే అది పనే అని మా వాళ్లకు నచ్చజెప్పడానికి నాకు ఎక్కువ కాలం పట్టింది. ఇంకా పడుతూనే ఉంది.

మా ఊరు ఎల్లారెడ్డికి దగ్గరే. ఇంటర్ తప్పాక నేను కిరాయి ట్రాక్టరు నడిపాను. నాట్లప్పుడు మడులు దమ్ము చేయడం, కోతలయ్యాక వడ్లు మోయడం. మా వాడలో దాదాపు ప్రతి ఇంటి నుంచీ ఒకరు గల్ఫ్‌లో ఉన్నారు కాబట్టి నేనూ బయలుదేరాను. మస్కట్ వెళ్లినా, కువైట్ వెళ్లినా మా దగ్గర అందరూ దుబాయికే పోయినట్టు లెక్క. నేను నిజంగానే దుబాయి వెళ్లాను గనుక ఆ ఒక్క విషయంలో మాత్రం ఎవరికీ ఏమీ వివరించాల్సిన అవసరం రాలేదు.

ఏజెంటు చెప్పింది సూపర్ మార్కెట్లో పని. అక్కడ దిగాక తేలింది ఒక పెద్ద షాపింగ్ మాల్‌లో నేల తుడిచే పని. అందులో నాకు ఆశ్చర్యమేమీ కలగలేదు. ఏజెంటు చెప్పిన పనే దొరికిన మనిషిని మా మండలంలో నేనెప్పుడూ చూడలేదు. ఆశ్చర్యం కలిగింది మాత్రం ఆ మాల్ మధ్యలో ఉన్న ఐసును చూసి. బయట చెప్పులు కరిగేంత ఎండ. లోపల నీళ్లు కట్టిన వరి మడిలా మెరుస్తూ, మడికంటే పెద్దగా, గట్టి ఐసు. దాని మీద పిల్లలు, ఆడవాళ్లు కాళ్లకు కత్తుల్లాంటి బూట్లు తొడుక్కుని జారుతున్నారు. జారడానికి డబ్బులు కడుతున్నారు. వానాకాలం మా గట్ల మీద మేం ఊరికే జారిపడే వాళ్లం.

ఆ ఐసును రోజూ చదును చేసే బండి ఒకటి ఉంటుంది. పైపొరను గీకేసి, సన్నగా వేడినీళ్లు పోసుకుంటూ పోతే వెనకాలే కొత్త పొర గడ్డకడుతుంది. ఆ బండి నడిపేవాడు సెలవు మీద వెళ్లి తిరిగి రాలేదు. ట్రాక్టరు నడపడం వచ్చినవాళ్లు ఎవరైనా ఉన్నారా అని మా మలయాళీ సూపర్‌వైజర్ అడిగాడు. నేను చెయ్యెత్తాను. అంచులు ముందు పట్టి, గీత గీతకూ మధ్య జాగా వదలకుండా, మూలల్లో బండి నిలపకుండా తిప్పుకోవడం దమ్ము చేసినవాడికి ఒకరు చెప్పాల్సిన పనిలేదు. వారం తిరక్కుండానే నన్ను నేల తుడిచే పని నుంచి తీసేసి పూర్తిగా ఐసుకు అప్పగించారు. దిగి గోల్ స్తంభాలు జరపాలంటే ఐసు మీద నిలబడాలి గనుక స్కేటింగ్ కూడా నేర్చుకున్నాను. ఎలా నేర్చుకున్నానంటే, పడి.

సాయంత్రాలు అక్కడ హాకీ జట్లు ఆడేవి. చలిదేశాల నుంచి ఉద్యోగాలకొచ్చిన బ్యాంకు మేనేజర్లు, ఆయిలు కంపెనీ ఇంజినీర్లు. మన హాకీలో బంతి ఉంటుంది. దీంట్లో నల్లటి రబ్బరు బిళ్ల. దాన్ని పక్ అంటారు. చలికి రాయిలా బిగుసుకున్న ఆ బిళ్ల పొడుగు కర్ర దెబ్బకు లేచిందంటే కంటికి ఆనదు, వంటికే ఆనుతుంది. గోల్‌కీపర్ అనేవాడు పరుపుల్లాంటి మెత్తలు కాళ్లకు కట్టుకుని, మొహానికి ఇనుప జాలీ తగిలించుకుని దాని దారికి అడ్డం నిలబడాలి. పెద్ద చదువులు చదివిన వాళ్లెవరూ ఆ పనికి ముందుకు రారు. ఒక జట్టుకు గోల్‌కీపర్ బదిలీ అయి వెళ్లిపోతే, ఆ క్లబ్బు కోచ్, ఒక ముసలి రష్యన్, బండి మీదున్న నన్ను కిందికి పిలిచాడు. ఆడటం వచ్చా అని అడగలేదు. దెబ్బలంటే భయమా అని అడిగాడు. ఆ రోజుల్లో ఏదడిగినా "నో సర్" అనో "యెస్ సర్" అనో అనడమే నా ఇంగ్లీషు. ఆ పూట నా నోటికి నో సర్ వచ్చింది. నా క్రీడాజీవితం అలా మొదలైంది.

డబ్బు తీసుకుని ఆడేవాణ్ని ప్రొఫెషనల్ అంటారని ఆ ముసలాయనే నాకు చెప్పాడు. ఆ లెక్కన ఆ ఐసు మీదున్న వాళ్లలో ప్రొఫెషనల్‌ను నేనొక్కడినే. మేనేజర్లందరూ డబ్బు కట్టి ఆడేవారు. నేను డబ్బు తీసుకుని వాళ్ల చేత కొట్టించుకునేవాణ్ని. కొన్నాళ్లకు క్లబ్బు వాళ్లు నన్ను క్లీనింగ్ కంపెనీ నుంచి మాట్లాడి తమ దగ్గరికి తెచ్చుకున్నారు. వీసాలో మాత్రం నా వృత్తి క్లీనర్ అనే ఉండిపోయింది. మార్చమని అడిగితే, గోల్ ముందు శుభ్రంగా ఉంచడం నీ పనే కదా అన్నాడు ముసలాయన.

నవ్వులాట ఎలా ఉన్నా, ఆ ఆట నాకు ప్రాణమైపోయింది. కొట్టేవాడి కర్రను చూస్తే ఆలస్యమవుతుంది, వాడి భుజం చూడాలి. భుజం తిరిగిన వైపు నా కాలు తనంతట తానే వెళ్లడం మొదలైన రోజున నాకు లోపల ఒక నిశ్శబ్దం వినిపించింది. అరుపులు, కర్రల చప్పుడు అంతా ఎక్కడో దూరంగా పోయి, నేను, ఆ నల్ల బిళ్ల మాత్రమే మిగిలాం. చేతి తొడుగులో అది ఠప్పున పడ్డప్పుడు, నేల తుడిచినంత కాలం నా వైపు తల తిప్పని మనుషులు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఆ రోజు గదికి నడిచి వెళ్తుంటే ఎండ తెలియలేదు.

ఆ సంతోషంలో ఇంటికి ఫోను చేశాను. బాపు ఎత్తాడు.

"బాపూ, పని మారిన. ఇప్పుడు ఆటాడుడే నా పని."

"ఆడుడు పనెట్లయితది బిడ్డా?"

"పైసలిస్తరు."

"ఎవలిస్తరు?"

"ఆడెటోళ్లే ఇస్తరు."

"ఎందుకిస్తరు?"

"నేను అడ్డం నిలవడ్త. వాళ్లు కొడ్తరు."

బాపు గొంతు తగ్గించి, "గా దేశంల పోలీసోళ్లు లేరా?" అన్నాడు.

అవ్వ, అంటే మా అమ్మ, ఫోను గుంజుకుంది. ఆమెకు దెబ్బల మాట వినిపించలేదు, ఐసు మాట ఒక్కటే వినిపించింది. "ఐసు మీద నిలవడితే సర్ది అయితది. చెవులకు రుమాలు కట్టుకో" అని చెప్పి పెట్టేసింది.

బాపు ఆలోచించి, ఊళ్లో అడిగినవాళ్లకు మావాడు ఐసు కంపెనీలో చేస్తున్నాడని చెప్పసాగాడు. ఆ మాట పక్క ఊరు గాంధారి చేరేసరికి నాది సొంత ఐసు ఫ్యాక్టరీ అయింది. ఆపై ఊరు రామారెడ్డి చేరేసరికి నేను ఐస్‌క్రీం కంపెనీలో మేనేజరునయ్యాను. రామారెడ్డి నుంచే నాకు పెళ్లి సంబంధం వచ్చింది.

సెలవు మీద వచ్చి పిల్లను చూడబోయాను. అప్పటికి నా ముందు పళ్లు లేవు. ప్రాక్టీసు మధ్యలో మంచినీళ్లు తాగడానికి ఇనుప జాలీ పైకెత్తినప్పుడు ఎవరో మేనేజరు సరదాగా కొట్టిన బిళ్ల వాటిని తీసుకుపోయింది. పిల్ల తండ్రికి మక్క, వరి బాగానే పండుతాయి. మనిషి ఏదీ తేల్చుకోకుండా వదలడు. చాయ్ కప్పు చేతికిచ్చి, "ఐస్‌క్రీం కంపెనీ అంట గద, ఏమేం రకాలు చేస్తరు?" అని అడిగాడు. సంబంధం తెచ్చిన పెద్దమనిషి నా తొడ గిల్లాడు.

"ఐస్‌క్రీం కాదు మామా. నేను ఐస్ హాకీ ఆడ్త."

"అది సరే. నౌకరి?"

"అదే నౌకరి."

ఆయన నా నోటి వంక చూశాడు. "ముందల పండ్లేమాయె?"

"నౌకరిల పోయినయ్."

ఆయన పెద్దమనిషిని పక్కకు పిలిచాడు. పక్కకంటే గోడ అవతలికి కాదు, మంచం అవతలికి. "తాగుతడా?" అని అడగడం మాకందరికీ వినిపించింది.

పిల్ల అప్పటికే కామారెడ్డిలో ఒక ప్రైవేటు బడిలో లెక్కలు చెబుతోంది. చాయ్ ఇచ్చి లోపలికి వెళ్లిపోకుండా గడప దగ్గరే నిలబడి ఉంది. "ఆ ఆట ఫోన్ల ఉన్నదా?" అంది. ఉందన్నాను. మా క్లబ్బు మ్యాచి ఒకటి పెట్టి ఇచ్చాను. ఇంటిల్లిపాదీ ఆమె వెనక చేరారు. దురదృష్టవశాత్తూ అది మేం చిత్తుగా ఓడిన మ్యాచి. ఫోనులో ఉన్నది అదొక్కటే.

"గీ పరుపులు కట్టుకున్నది మీరేనా?"

"నేనే."

"మొకం కనవడ్తలేదు. మీరే అని ఎట్ల నమ్మాలె?"

"చివరిదాంక చూడు. ఓడినంక టోపీ తీస్త."

చివరిదాకా చూసింది. బిళ్లలు ఒకదాని వెనక ఒకటి నా వెనకాల వలలో పడుతూనే ఉన్నాయి. పడ్డ ప్రతిసారీ వాళ్ల నానమ్మ "అయ్యో" అంటోంది. అంతా అయ్యాక, టోపీ తీసిన నా మొహం కనిపించాక, ఫోను తిరిగిస్తూ ఆమె, "వచ్చినోళ్లందరు ఎకరాలు చెప్పిన్రు. ఓడిపోయింది చూపించినోళ్లు మీరొక్కలే" అంది. పిల్ల ఒప్పుకుందని ఆ ఇంట్లో ఎవరికీ వెంటనే అర్థం కాలేదు. నాకూ అర్థం కాలేదు. మామ మాత్రం పెళ్లినాటికి పళ్లు కట్టించుకోవాలని షరతు పెట్టాడు. కట్టించుకున్నాను.

పెళ్లయ్యాక ఆమె కామారెడ్డిలో పాఠాలు చెబుతూ ఉంది, నేను అక్కడ దెబ్బలు తింటూ ఉన్నాను. సెలవులకు వచ్చి వెళ్తూ మరికొన్ని సీజన్లు ఆడాను. చివరికి కుడి మోకాలు చెప్పినట్టు వినడం మానేసింది. ముసలి కోచ్ నన్ను కౌగిలించుకుని, నా చోట ఒక ఫిలిప్పీన్స్ కుర్రవాణ్ని నిలబెట్టాడు. వాడు కూడా మాల్‌లో తుడిచేవాడే. నేను గోల్‌కీపర్ కర్ర, మెత్తలు మూటగట్టుకుని ఇంటికొచ్చేశాను.

కామారెడ్డిలో ఒక యువజన సంఘం వాళ్లకు ఈ సంగతి తెలిసింది. వాళ్లు చాలా రోజులుగా ఒక పెద్ద నాయకుణ్ని తమ సభకు పిలవాలనుకుంటున్నారు, పిలవడానికి కారణం దొరకడం లేదు. నేను దొరికాను. నాకు సన్మానమని ఫంక్షన్ హాలు మాట్లాడారు. ఊరంతా ఫ్లెక్సీలు కట్టారు. వాటిలో నాయకుడు నిలువెత్తున ఉన్నాడు, సంఘం వాళ్లు వరుసగా ఉన్నారు, కింద మూలన నేనున్నాను. మెత్తలు కట్టుకున్న నా ఫొటోలో మొహం కనిపించలేదని, గడ్డి మీద హాకీ ఆడే ఎవరి ఒంటికో నా పాస్‌పోర్టు తలకాయ అతికించారు. ఆ మనిషి పొట్టి నిక్కరులో ఉన్నాడు. అవ్వ అది చూసి, "దుబాయిల నిండు ప్యాంటు గుడ ఇయ్యలేదారా?" అని బాధపడింది.

సభ మే నెలలో, మధ్యాహ్నం. ఐస్ హాకీ కాబట్టి వాతావరణం కుదరాలని సంఘం అధ్యక్షుడు ఐసు ఫ్యాక్టరీ నుంచి పెద్ద పెద్ద దిమ్మలు తెప్పించి వేదిక ముందంచున వరుసగా పేర్పించాడు. వాటి మీద బంతిపూలు చల్లించాడు. ఆలోచన చెడ్డది కాదు, నాయకుడు వేళకు వచ్చి ఉంటే. భిక్నూర్ దగ్గర హైవే మీద దాబాలో ఆగారని ఒకసారి, బయలుదేరారని ఒకసారి, ఇంకా ఆగే ఉన్నారని ఒకసారి ఫోన్లు వచ్చాయి. దిమ్మలు మోకాలెత్తు నుంచి చీలమండ ఎత్తుకు దిగాయి. ఐసుకు అంటుకుని వచ్చిన ఊక వేదికంతా తేలుతోంది. మైకు తీగ నీళ్లలో నానుతోంది. ఎన్నో ఏళ్లు ఐసు చదును చేసినవాణ్ని, నాకు మనసాగలేదు. "అన్నా, కార్పెట్ కింద నీళ్లు చేరినయ్. జారుతది" అని అధ్యక్షుడితో అన్నాను. "నువ్వు ఇయాల గెస్టువు. కూసో" అన్నాడు.

నాయకుడు వచ్చాడు. టపాసులు పేలాయి. జనానికి దండం పెడుతూ, కిందికి చూడకుండా వేదిక ఎక్కి, తడి కార్పెట్ మీద కాలుపెట్టాడు. నేను అప్పుడు చూసింది ఆయన కాలును కాదు, భుజాన్ని. అది ఎడమ వైపు తిరిగింది. నేను ఏమాత్రం ఆలోచించలేదు. కుర్చీలోంచి లేచి, పాడైన మోకాలు మీదే పడి, కాలు బారుగా చాపి ఆ నీళ్లలో జారుకుంటూ వెళ్లాను. ఆయన వచ్చి నా ఛాతీ మీద పడ్డాడు. తల వేదికకు తగలకుండా నా చెయ్యి అడ్డం ఉంది. హాలంతా ఈలలేసింది. గోలు కాకుండా ఆపడాన్ని సేవ్ అంటారు; మా జిల్లా జనం కళ్లారా చూసిన నా ఏకైక సేవ్ అదే.

ఆయన నా మీది నుంచి లేవకుండానే, "ఎవరయా గీయన?" అని అడిగాడు.

"సార్, గీనకే సన్మానం" అన్నాడు అధ్యక్షుడు.

"ఏం జేసిండు?"

"ఐసు మీద ఆడ్తడు సార్."

ఆయన తడిసిన తెల్ల లాల్చీని, తేలుతున్న ఊకను, అరచేతికంటుకున్న బంతిపువ్వును చూసుకున్నాడు. "గీ ఐసు మీదనా?" అన్నాడు.

తర్వాత మైకు పనిచేసినంతసేపు మాట్లాడాడు. జాతీయ క్రీడకు నేను తెచ్చిన పేరును మెచ్చుకున్నాడు. ప్రాణాలకు తెగించి ఆడే ఇలాంటి బిడ్డ కోసం ఎల్లారెడ్డిలో ఐసు స్టేడియం కట్టిస్తానని ప్రకటించాడు. చప్పట్లు మోగాయి, మైకు ఆగిపోయింది. నాకు శాలువా కప్పి, గడ్డి మీద ఆడే హాకీ కర్ర ఒకటి చేతికిచ్చారు. ఆ కర్ర అవ్వకు కోతులను అదిలించడానికి బాగా కుదిరింది. ఇంటికి వెళ్తూ నా భార్య ఆటోలో నా మోకాలికి తడి కండువా చుట్టి, "దుబాయిల గిట్ల ఒక్కటన్న ఆపి ఉంటే గా మ్యాచ్ గెల్తురు" అంది.

స్టేడియం మాట ఉత్తదే అనుకున్నాను కానీ, నిజంగానే అధికారులు జాగా చూడటానికి వచ్చారు. ఏమేం కావాలని నన్ను అడిగారు. నీళ్లు, ఒక్క నిమిషం కూడా పోని కరెంటు అని చెప్పాను. ఆ రెండూ ఉంటే మేం మూడో పంట వేసుకుంటాం కదా అన్నట్టు అక్కడ చేరిన రైతులు నన్ను చూశారు. ఒకాయన ముందుకొచ్చి అధికారిని సూటిగా అడిగాడు: "సార్, ఐసు కరిగినంక ఆ నీళ్లు ఏ కాలువలకిడుస్తరు? మా దిక్కు ఇడువుండ్రి." అధికారి ఆలోచిస్తామన్నాడు. శిలాఫలకం వేశారు. దాని మీద నా పేరు తప్ప అందరి పేర్లూ ఉన్నాయి. అంతవరకే కట్టారు.

ఊరికే కూర్చోలేక పిల్లలకు చక్రాల స్కేట్ల మీద హాకీ నేర్పడం మొదలుపెట్టాను. ఎల్లారెడ్డి పిల్లలు, గాంధారి తండాల నుంచి ఆటోలో వచ్చే ఆడపిల్లలు. కర్రలు మా వడ్రంగి చేత చేయించాను. చదునైన సిమెంటు నేల ఊళ్లో ఒక్కటే ఉంది, వడ్లు ఆరబోసే కల్లం. కోతలు లేనన్నాళ్లు ఎవరూ ఏమీ అనలేదు. యాసంగి వడ్లు రాగానే గొడవ మొదలైంది. గింజలు చక్రాల కింద నలుగుతున్నాయని, పిల్లల అరుపులకు తూకం లెక్క తప్పుతోందని రోజూ తగాదా. అందరికంటే గట్టిగా అరిచేది బాపు. "కొట్టించుకునే ఆట నీకొక్కనికి సాలదా? ఊరోళ్ల పిల్లలకు గుడ నేర్పవడ్తివి!" అనేవాడు. చివరికి ఒక మూలన కొంచెం జాగా ఇచ్చారు, గీత దాటకూడదని.

ఒక మధ్యాహ్నం పిల్లలు ఆ మూలన ఆడుతుండగా పడమటి నుంచి మబ్బు లేచింది. గాలి దుమారం వచ్చింది. కల్లం నిండా ఊరందరి వడ్లు పరిచి ఉన్నాయి. ఉన్న మనుషులు కొద్దిమందే, మిగతావాళ్లు పొలాల్లో ఉన్నారు. బాపు ఒక్కడే వడ్లు నెట్టే పలకతో అటూ ఇటూ పరుగెత్తుతున్నాడు. మొదటి చినుకులు సిమెంటు మీద మచ్చలు పెడుతుండగా నేను పిల్లలను స్కేట్లు విప్పమని అరిచాను. కర్రలతో అందరినీ వరుసగా నిలబెట్టి, గోడ దగ్గర నుంచి గింజలను నెట్టుకు రమ్మన్నాను. మధ్యలో జాగా వదలకుండా, అంచులు ముందు పట్టి. పిల్లలు అరుచుకుంటూ నెట్టారు. ఒకరి నుంచి తప్పిన గింజలను పక్కవాళ్లు అందుకున్నారు.

తన పలక విరగడంతో బాపు పరుగున వచ్చి నా గోల్‌కీపర్ కర్ర లాక్కున్నాడు. దాని కింది భాగం మిగతా కర్రల కంటే వెడల్పు. ఒకసారి నెట్టి చూసి, ఇక ఎవరికీ ఇవ్వలేదు. "అరేయ్, నడుమ సందు ఇడుస్తున్నవ్! దగ్గరికి రా! వంగు, ఇంక వంగు!" అని పిల్లల మీద అరుస్తుంటే, నాకు వాళ్లకు నేర్పాల్సింది ఏమీ మిగల్లేదు. వాన గట్టిగా అందుకునేసరికి కుప్పల మీద పరదాలు పడ్డాయి. అంచుల్లో కొన్ని తడిసాయి. మిగతావి నిలిచాయి.

అందరం షెడ్డు కింద నిలబడ్డాం. పిల్లలు తడిసి, రొప్పుతూ, తమలో తాము ఎవరు ఎక్కువ నెట్టారో వాదించుకుంటున్నారు. నా భార్య కామారెడ్డి బస్సు దిగి, గొడుగు తిరగబడటంతో తడుస్తూ అప్పుడే వచ్చింది. బాపు కర్రను తిప్పి తిప్పి చూస్తున్నాడు. దాని పలకను బొటనవేలితో రుద్దాడు. ఫోనులో అడిగిన ఆ ఒక్కరోజు తర్వాత, నేను ఇన్నేళ్లుగా ఏం చేశానో ఆయన మళ్లీ అడగలేదు. ఇప్పుడు అడుగుతాడేమో అనుకున్నాను.

"గిది కొంచెం బరువున్నది" అన్నాడు. "తేలికగ చేయించరాదు? ఊరందరికి ఒక్కొక్కటి."